ఇంటి ముందు తంగేడు

సంపాదకులకు,

అయ్యా,

మా హోసూరు ప్రాంతములో వేసవి వచ్చినదంటే నీటి ట్యాంకరు కొరకు కాచుకొనుట మామూలైపోయినది. డబ్బిచ్చి కొన్న ఆ నీటినే గులాబీలకు, పచ్చికకు పోయుచున్నాము. ఎవరూ చెంబెడు నీరు పోయకనే గట్టులమీద పచ్చగా పూచెడి తంగేడును మాత్రము కలుపని పెరికివేయుచున్నాము.

ఉద్యోగ విరమణ తరువాత దీనిని ఇంటి ముందు పెంచవలెనని చెరువుకట్ట మీది మొక్కను త్రవ్వి తెచ్చితిని. వారములో ఎండిపోయినది. మరొకటి తెచ్చితిని, అదీ అంతే. మేకలు కాచు ఒక ముసలమ్మ చూచి, "యాల సామీ పెరికేది? గింజ ఏసుకోరాదా?" అన్నది. తల్లివేరు లోతుగా దిగు మొక్క. అది తెగినచో బ్రతుకుట కష్టము. ముప్పదియేండ్లు ఫైళ్ళు త్రిప్పిన నాకు ఆ మాట తోచలేదు.

ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలనుండి గింజలు తీసితిని. పైతోలు గట్టిది కాన గరుకు రాతిపై కొంచెము రుద్ది, ఒక రాత్రి నీటిలో నానవేసి, తొలివానలకు మొక్క ఉండవలసిన చోటనే రెండు మూడు గింజలు నాటితిని. ఎండ బాగా తగులవలెను, నీరు నిలువరాదు. మొదటి యేడు మాత్రము అప్పుడప్పుడు తడిపితే చాలును. నేను ముద్దు చేసి రోజూ పోసిన మొక్క కుళ్ళిపోయినది; మరచిన మొక్క రెండవ యేడు పూచినది! పూవులు కొమ్మల చివరలనే వచ్చును గనుక, పూత అయిన పిదప కత్తిరించినచో గుబురుగా పెరుగును. మేకలు సాధారణముగా ముట్టవు. గోడలేని మా ఇంటికి అదియు ఒక లాభమే.

దీని బెరడుతో పూర్వము తోళ్ళు పదును చేసెడివారు. తెలంగాణలో బతుకమ్మకు ముఖ్యమైన పూవు ఇదే. 2014లో ఆ రాష్ట్రమునకు రాష్ట్రపుష్పమైనది. సంక్రాంతికి మా తమిళ ఇరుగుపొరుగువారు వేపాకుతో కలిపి ఇండ్లకు కట్టు ఆవారంపూవు కూడ ఇదే.

మా మనుమరాలు మొదటి పూత చూచి "ఆవారంపూ" అన్నది. అందులో తప్పేమియు లేదు. కాని తంగేడు అను మాట ఆమె మా ఇంటిలో ఒక్కసారియు వినలేదని అప్పుడు తెలిసినది. నేను మొక్క త్రవ్విన చెరువుకట్టను నిరుడు ఇండ్లస్థలముల కొరకు యంత్రముతో చదును చేసిరి. ఇక ఆమెకు చూపుటకు మిగిలినది మా వాకిటి చెట్టే.

గట్టుమీద ఇంకను తంగేడు ఉన్న ఊళ్ళవారు దయచేసి మొక్కలు పెరుకక, కొన్ని కాయలు మాత్రము కోసికొని, తక్కినవి అచ్చటనే రాలనీయవలెనని మనవి. ఈ యేడు మా వీధిలో నాలుగిండ్లకు గింజలిచ్చితిని. మూడింట మొలిచినవి, నాలుగవ ఇంటివారు రోజూ నీరు పోయుచున్నారట.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
హోసూరు