జ్వరం బిళ్లే కదా అనుకోవద్దు!

కృష్ణానగర్ సందుల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. షూటింగుకని తెల్లవారకముందే బయల్దేరే అమ్మానాన్నలు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే నానమ్మలు. రాత్రి పదింటికి పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే, ముందు చెయ్యి వెళ్లేది ఇంట్లో ఉన్న మందుల డబ్బాలోకే. అందులో తాతయ్య గుండెకు వాడే ఎకోస్ప్రిన్ ఉంటుంది. అమ్మ తలనొప్పికి వేసుకునే డిస్ప్రిన్ ఉంటుంది. 'సగం బిళ్ల వేస్తే ఏమవుతుందిలే' అనిపిస్తుంది.

ఆ సగం బిళ్ల దగ్గరే ఆగాలి. రెండింటిలోనూ ఉన్నది ఆస్పిరినే. పెద్దలకు మేలు చేసే ఈ మందు ఫ్లూ, ఆటలమ్మ లాంటి వైరస్ జబ్బులతో ఉన్న పిల్లల్లో 'రై సిండ్రోమ్' అనే ప్రాణాంతక జబ్బుకు దారితీయొచ్చు. చాలా అరుదైన జబ్బే. కానీ వస్తే గంటల్లో ముంచుతుంది.

తగ్గుతోందనుకుంటుండగా...

1963లో ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ రై, ఆయన సహచరులు సిడ్నీలో 21 మంది పిల్లల్లో దీన్ని గుర్తించి వివరించారు. వారిలో 17 మంది చనిపోయారు. జ్వరం తగ్గి, పొక్కులు ఎండుతున్నాయనుకునే సమయంలోనే ఇది మొదలవుతుంది. కాలేయ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కాలేయంలో కొవ్వు చేరుతుంది. అది వడకట్టాల్సిన అమ్మోనియా రక్తంలో పెరిగిపోయి, మెదడు వాస్తుంది.

ఆగకుండా వాంతులు, మగత, ఊరికే చిరాకు, పొంతన లేని మాటలు, ఫిట్స్... ఇవీ లక్షణాలు. రెండేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు, ఆయాసం కనిపించొచ్చు. కళ్లు పచ్చబడవు కాబట్టి కాలేయం మీదికి అనుమానమే పోదు. విరుగుడు మందంటూ లేదు. గ్లూకోజు ఎక్కించి, మెదడు వాపు తగ్గిస్తూ ఐసీయూలో కాపాడుకోవాలి. ఎంత త్వరగా తీసుకెళితే అంత మేలు.

ఒక్క హెచ్చరికతో...

1980లో అమెరికాలో 555 కేసులు నమోదయ్యాయి. ఆస్పిరిన్‌తో సంబంధం ఉందని అధ్యయనాల్లో తేలడంతో అదే ఏడాది నుంచి తల్లిదండ్రులను హెచ్చరించడం మొదలైంది. 1986 నుంచి మందు లేబుళ్ల మీదే హెచ్చరిక ముద్రించారు. 1987 తర్వాత ఏ ఏడాదీ కేసులు 36 దాటలేదు. బ్రిటన్ 1986లో 12 ఏళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ వద్దంది, తర్వాత ఆ వయసును 16కు పెంచింది. కొత్త మందు ఏదీ రాలేదు. ఉన్న మందును పిల్లలకు వేయడం మానేశారంతే.

పేరు కాదు, లోపలి మందు చూడాలి

బిళ్లల అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. లోపలేముందో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఆస్పిరిన్ అనో, అసిటైల్ శాలిసిలిక్ యాసిడ్ అనో ఉంటే పిల్లలకు సొంతంగా వేయకూడదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్‌తో పాటు ఐబుప్రొఫేన్ కూడా వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నిమెసులైడ్‌ను మన దేశంలో 2011లోనే 12 ఏళ్లలోపు పిల్లలకు నిషేధించారు.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. అదీ లెక్క ప్రకారమే. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులకు మించకుండా. పది కిలోల పాపకు ఒకసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. చుక్కల మందు చాలావాటిలో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి. దాన్ని సిరప్ అనుకుని చెంచాతో పోస్తే నాలుగైదు రెట్లు పడిపోతుంది. మోతాదు మించితే పారాసెటమాల్ కూడా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి వంటింటి చెంచా వద్దు, సీసాతో ఇచ్చిన కొలత మూతే వాడాలి.

కవాసాకి జబ్బు, కీళ్లవాతం జ్వరం లాంటి వాటికి పిల్లలకు కూడా డాక్టర్లే ఆస్పిరిన్ ఇస్తారు. భయపడి దాన్ని సొంతంగా మానేయకూడదు. అలాంటి పిల్లలకు ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పేరు తర్వాత, పరుగు ముందు

జ్వరం, వాంతులు, స్పృహ తప్పడం రై సిండ్రోమ్‌లోనే ఉంటాయని కాదు. 2003 జూన్, ఆగస్టు మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇలాగే మెదడు జబ్బుతో పడిపోయారు. 183 మంది చనిపోయారు. దానికి చండీపురా వైరస్ కారణమని పుణె శాస్త్రవేత్తలు తేల్చారు. ఏ జబ్బన్నది డాక్టర్లు చూసుకుంటారు. ఇంట్లోవాళ్లు చేయాల్సింది తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయడం. పిల్లాడికి ఇంతవరకూ ఏ మందు, ఎంత, ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పడం. ఖాళీ అట్టనైనా సరే వెంట తీసుకెళ్లడం.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. మందుల డబ్బా బోర్లించి, పెద్దలవి ఒక డబ్బాలో, పిల్లలవి మరో డబ్బాలో సర్దండి. పెద్దల డబ్బాను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పిల్లల్ని చూసుకునే నానమ్మకు ఏ డబ్బా ఎవరిదో చూపించండి.