తేలు కుట్టిన బిడ్డకు కావాల్సింది మంత్రం కాదు, మాత్ర!

చెనక్కాయ చేలో రాయి తిప్పితే తేలు. కట్టెల మోపు ఎత్తితే తేలు. పెంకుటింటి గోడ సందులో తేలు. సీమ పల్లెల్లో పుట్టిన మనకు ఇది కొత్త కాదు. నల్లతేలు చూస్తేనే దడ పుడుతుంది గానీ, పసిబిడ్డల ప్రాణం తీసేది చిన్న ఎర్రతేలే.

కుట్టగానే మనం ఎక్కడికి పోతున్నాం? మంత్రగాడి దగ్గరికి. వేపమండ ఆడిస్తాడు, కాసేపటికి నొప్పి తగ్గుతుంది, పేరు అతనికొస్తుంది. నిజమేమంటే, చాలా తేలుకాట్లు నొప్పితోనే పోతాయి, మంత్రం వేసినా వేయకున్నా. ప్రాణం తీసే కాటులో నొప్పి పెద్దగా లేకపోవచ్చు. బిడ్డకు వాంతులు, ఒళ్లంతా చెమటలు, కాళ్లూచేతులు చల్లబడటం, ఇవీ ప్రమాద సూచనలు. ఆపైన గుండె దెబ్బతిని ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఈ విషం గుండె కండరాన్ని దెబ్బతీసే తీరును తిరుపతి స్విమ్స్ డాక్టర్లు 2004లోనే వైద్యపత్రికలో రాశారు.

మరి మందు లేదా? ఉంది. ప్రాజోసిన్. రక్తపోటుకు వాడే చవకైన మాత్ర. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీన్ని తేలుకాటుకు వాడి ప్రాణాలు నిలబెట్టి, 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. మాత్రతో పాటు తేలువిషానికి విరుగుడు సూది కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో రుజువు చేశారు. 2022లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఈ దారి చూపింది కార్పొరేట్ ఆస్పత్రి కాదు, పల్లె జనానికి వైద్యం చేసిన డాక్టరు!

పాలకులను మేం సూటిగా అడుగుతున్నాం. తంబళ్లపల్లె నుంచి తిరుపతికి నూరు కిలోమీటర్లు దాటుతుంది. అంతదూరం మోసుకొచ్చేదాకా బిడ్డ గుండె ఆగుతుందా? మొదటి మాత్ర ఊరి పక్క ఆరోగ్య కేంద్రంలోనే, డాక్టరు బరువు చూసి వేయాలి. నీళ్లడిగితే నిధుల్లేవంటారు. ఈ మాత్రకు ఆ సాకు కూడా చెల్లదు. 2022లో తిరుపతిని వేరే జిల్లా చేశారు, బోర్డులు మార్చారు. మందుల అల్మారా కూడా చూశారా?

ప్రజలారా! రేపే మీ ఆరోగ్య కేంద్రానికి పోండి. ప్రాజోసిన్ ఉందా అని అడగండి. లేదంటే ఎందుకు లేదో రాసిమ్మనండి. బిడ్డను తేలు కుడితే మాత్రం మంత్రగాడి గడప తొక్కొద్దు, మాత్రను మీరే వేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.