94 హాజరీలు

ఏదో బ్యాంకు వాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే పంచిన జేబు డైరీ అది. చెమటకి అట్ట ఉబ్బిపోయింది. లోపల తేదీ పక్కన ఒక గీత. పూట పని చేసిన రోజున సగం గీత. రాత్రిపూట స్లాబు పోసిన రోజున గీత పక్కన చుక్క. సెప్టెంబరు నుంచి సంక్రాంతి ముందు దాకా సగాలూ నిండువీ కలిపితే 94 హాజరీలు. రోజుకి 750 చొప్పున 70,500. నడుమ ఖర్చులకని తీసుకున్న 14,500 పోతే రావలసింది 56,000. నేను మూడుసార్లు కూడి చూశాను. డైరీ రాసుకున్న అతని లెక్కకీ నా లెక్కకీ రూపాయి తేడా రాలేదు.

"బడికెల్లకపోయినా లెక్క తప్పను మాస్టారూ" అన్నాడు. తప్పింది అతను కాదు.

రాజాంలో మా వీధి చివరి ఇల్లు వాళ్లది. అతనిది సెంట్రింగ్ పని. పదిహేనేళ్లుగా చీపురుపల్లి వెళ్లి రైలెక్కడం, జనరల్ పెట్టెలో తలుపు దగ్గర కూర్చుని హైదరాబాద్ చేరడం, పండక్కి తిరిగి రావడం. ఈసారి పండక్కి వచ్చేటప్పుడు కాంట్రాక్టరు భుజం తట్టి మరీ పంపాడట, ఊరెళ్లి రండి, వచ్చాక లెక్క చూసుకుందామని. కనుమ వెళ్లాక ఫోన్ చేస్తే మోగింది. మరో వారానికి మోగడం మానేసింది. సైటుకి వెళ్తే వాచ్‌మన్, ఆ కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, ఇప్పుడు వేరే ఆయన అన్నాడు. పనిలో పెట్టిన మేస్త్రి పక్క ఊరివాడే. వీళ్లకి మొహం చూపలేక ఊళ్లోకి రావడమే మానుకున్నాడు. నాకు అతని మీద పెద్దగా కోపం రాలేదు. అతనికీ రావలసింది ఉంది. నిలబెట్టిన మేడలో ఫ్లాట్లు అమ్ముకుంటున్నవాడి మీద వచ్చింది కోపం.

56,000 అంటే ఏముంది, ఈ మధ్య ఫోన్లే అంత ఖరీదు కదా అన్నాడు నా స్నేహితుడొకడు. ఏముందో చెబుతాను. నాలుగు నెలలు ఇల్లు గడవడానికి అతని భార్య బయట తెచ్చిన 20,000 ఉంది, మూడు రూపాయల వడ్డీకి. అంటే నెలకి 600, ఏడాదికి 7,200. తాకట్టు కొట్లో చెవి దిద్దులు ఉన్నాయి. డ్వాక్రా సంఘంలో రెండు కిస్తీలు ఆగాయి. కిరాణా కొట్టులో ఖాతా ఉంది. పెద్దపిల్ల కాలేజీ ఫీజు ఉంది. కూలి ఆగిన రోజున వడ్డీ ఆగదు, అది ఆదివారం కూడా పనిచేస్తుంది. ఏం తింటున్నారమ్మా అని అడిగితే ఆమె నవ్వింది. "పొద్దున సోడంబలి, రేత్రి గంజన్నం. దానికి ఎవుల్ని అప్పడగాల మాస్టారూ?"

నేను అర్జీ రాశాను. డైరీ పేజీలన్నీ జిరాక్స్ తీసి జతచేశాను. కార్మికుల గోడు వినాల్సిన ఒక ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం. పేరు అనవసరం, ఎందుకంటే ఇంకో ఆఫీసులోనూ ఇదే మాట విన్నాం. పనిచేసింది హైదరాబాద్‌లో కదా, అక్కడే పెట్టుకోవాలి. అక్కడికి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు, పోయే పని రోజులు ఎవరిస్తారు? ఈ ప్రశ్నకి అక్కడి అధికారి ఫ్యాన్ వైపు చూశారు. తర్వాత అడిగారు, కంపెనీ ఇచ్చిన కాగితం ఏమైనా ఉందా? డైరీ చూపించాం. "ఇది మీరు రాసుకున్నదే కదా!"

అవును, మేం రాసుకున్నదే. వాళ్లు రాయాల్సింది రాయలేదు కాబట్టి. 1979లోనే ఈ దేశం చట్టం చేసుకుంది, రాష్ట్రం దాటి తీసుకెళ్లిన ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలని, అందులో కూలి రేటు, ఇచ్చిన సొమ్ము రాయాలని. పదిహేనేళ్ల వలసలో అలాంటి పుస్తకం ఇతను కంటితో చూడలేదు. ఇవ్వనివాణ్ణి వదిలేసి, లేనివాణ్ణి కాగితం అడుగుతారా? 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టమేమో కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కూలి కట్టాలంది. 2019లో చేసి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్, పని మానినా మానిపించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలంటోంది, ఎగ్గొట్టినదానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చంటోంది. 1982లో సుప్రీంకోర్టు, ఆసియా క్రీడల పనుల కేసులో, కనీస కూలికి తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే అని తేల్చింది. తక్కువిస్తేనే వెట్టి అయితే, అసలే ఇవ్వకపోవడానికి పేరేమిటి? మా ఆఫీసుల భాషలో దాని పేరు 'పరిశీలనలో ఉంది'.

ఉపాధి హామీ చట్టం కింద కూలి పదిహేను రోజులు దాటితే రోజుకి 0.05 శాతం పరిహారం అని రాసుకున్నారు. మా లెక్కలో చెప్పాలంటే రూపాయిన్నర వడ్డీ. ఆలస్యానికి వడ్డీ ఉండాలని సర్కారుకీ తెలుసన్నమాట. బయట ఆమె కడుతున్నది మాత్రం మూడు రూపాయలు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలుతున్నప్పుడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఇక్కడే, మా రాజాంలోనే ఉన్నాడని చెప్పుకుంటారు. కబురు వేళకి అందలేదంటారు. అందేసరికి కోట బూడిద. అప్పుడు కబురు దారిలో ఆగిపోయింది. ఇప్పుడు చేరుతోంది, రసీదు ఇస్తున్నారు, నంబరు వేస్తున్నారు, ఫోన్‌కి మెసేజ్ కూడా వస్తోంది. కబురందుకున్నవాడు కత్తి దూయక్కర్లేదు, కనీసం ఫోనెత్తి ఆ బిల్డరుని ఒక్క మాట అడిగితే ఏం పోతుంది?

మమ్మల్ని అసలు పట్టించుకోరని కాదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోతే, అందులో మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎందరో. అప్పుడు అధికారులు వచ్చారు, అంబులెన్సులు వచ్చాయి, ఎవరు ఏ ఊరివాళ్లో పేరుపేరునా తేలింది. రాష్ట్రం దాటిన సంగతి అప్పుడు ఎవరికీ అడ్డు రాలేదు. మేడ కింద పడి పోయినవాడు ఏ జిల్లావాడో ఒక్క రాత్రిలో కనిపెట్టగలరు. మేడ కట్టి, దిగి, నడిచొచ్చినవాడి కూలి ఎవరు ఎగ్గొట్టారో నెలలు గడిచినా కనిపెట్టలేరు. చచ్చినవాడికి లెక్క ఉంది, బతికొచ్చినవాడికి లేదు!

ఆ ఇంటిని నిలబెట్టింది ఎవరంటే, ఏ అధికారమూ లేనివాళ్లు. సంఘంలోని ఆడవాళ్లు తలా కాస్త వేసుకుని ఆగిన రెండు కిస్తీలూ కట్టారు. వాళ్లలో ఇద్దరు జీడిపప్పు ఒలిచే కూలీలు. కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం మూసి, పంటల దాకా అడగనన్నాడు. నేను చేసింది చిన్న పని. అప్పులన్నీ ఒక కాగితం మీద వడ్డీల వరసన రాయించాను. దిద్దులు తాకట్టు కొట్లోంచి విడిపించి బ్యాంకులో పెట్టించాను, అక్కడ రూపాయి లోపే వడ్డీ. పైన వచ్చిన డబ్బుతో మూడు రూపాయల అప్పులో సగం తీరింది. ఆ మిగతా సగం ఇంకా తింటూనే ఉంది.

మొన్న అతను మళ్లీ బయల్దేరాడు. అదే హైదరాబాద్, వేరే కాంట్రాక్టరు, అయిదు వేలు అడ్వాన్సు. ఈసారైనా కాగితం రాయించుకోమన్నాను. "కాయితం అడిగితే పనే ఇవ్వరు మాస్టారూ" అన్నాడు. బస్సు కదిలేముందు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ పాత డైరీ మీకాడే ఉంచండి, ఎవులైనా అడిగితే సూపించాల" అన్నాడు.

నా బల్ల సొరుగులోనే ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.