తప్పు చూపిన పాఠకుడు

సాఫ్ట్‌వేర్‌ను నిర్మించినవారే దాని వినియోగాన్ని వివరించే పుస్తకం రాసినప్పుడు ఒక చిక్కు ఏర్పడుతుంది. తమకు కరతలామలకమైన విషయం ఇతరులకు ఎక్కడ బోధపడదో వారికి తోచదు. ఆ చోటును చూపగలవాడు పాఠకుడే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యులు డొనాల్డ్ కనూత్ దీనిని ఎరిగినవారు. గణిత గ్రంథాలను అందంగా అచ్చుకూర్చే ‘టెక్’ సాఫ్ట్‌వేర్‌ను 1978లో రూపొందించి, దాని వివరణ గ్రంథాన్ని 1984లో వెలువరించారు. తన గ్రంథాలలో దోషాన్ని మొదట గుర్తించి తెలిపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. పదహారు ఆధారంగా సాగే కంప్యూటరు లెక్కలో 256ను ‘100’ అని రాస్తారు. గణితజ్ఞుల చమత్కారం అలా ఉంటుంది! విలువైన సూచనకు 32 సెంట్లు. పలువురు ఆ చెక్కును సొమ్ము చేసుకోక పటం కట్టించుకున్నారు. మోసాల బెడద వల్ల 2008లో చెక్కులు మాని, ఒక ఊహాకల్పిత బ్యాంకు పేర ధ్రువపత్రాలివ్వసాగారు.

మన తాళపత్ర ప్రతుల చివర లేఖకులు తప్పులను మన్నించి దిద్దుకొమ్మని పెద్దలను వేడుకునేవారు. కనూత్ ఆ భారాన్ని పాఠకునిపై వదలలేదు. దిద్దుబాటును తానే స్వీకరించారు.

అర్థం కాకుంటే తమ మందబుద్ధే కారణమని తలచి విద్యార్థులు మౌనం వహిస్తారు. అది తగదు. అయితే ‘అర్థం కాలేదు’ అంటే చాలదు. ఏ పుటలో, ఏ వాక్యాన్ని అనుసరించి ఏమి చేయబోతే ఏమి జరిగిందో తెలపాలి. రచయిత కూడా అడిగినవారికి విడిగా జవాబిచ్చి ఊరుకోరాదు. పుస్తకంలోని వాక్యం మారకుంటే తరువాతి పాఠకుడూ అక్కడే తడబడతాడు.