ఫోటో తీశారు, మాట రాసుకోలేదు

2024 మే నెలలో ఎన్నికల పోలింగ్ ముగిసిన మర్నాడు అనంతపురంలో మా సంఘం ఆఫీసుకు ఒక హిజ్రా వచ్చింది. ఓటు వేసి వస్తుంటే ఒక విలేకరి ఆపి మాట్లాడాడట. "మా పింఛను సంగతి, అద్దె ఇల్లు ఇయ్యని సంగతి చెప్తాంటే రాసుకోలేదక్కా. సిరా వేలు చూపియ్యమని ఫోటో మాత్రం తీసుకున్నాడు" అంది. ఆ ఫోటో జిల్లా పేజీలో వచ్చింది. కింద ఒక్క వాక్యం. ఆమె పేరు కూడా లేదు.

ఇది ఒక్క విలేకరి పొరపాటు కాదు. 2018లో తెలంగాణలో చంద్రముఖి మువ్వల గోషామహల్ నుంచి పోటీ చేశారు. ప్రచారం మధ్యలో ఆమె కనిపించకుండా పోయి తిరిగి వచ్చినప్పుడు అది పెద్ద వార్త అయింది. ఆమె ఏమి కోరి నిలబడ్డారన్నది వార్త కాలేదు. తమన్నా సింహాద్రి 2019లో మంగళగిరిలో లోకేశ్ మీద, 2024లో పిఠాపురంలో పవన్ కల్యాణ్ మీద పోటీ చేశారు. నేను చదివిన వార్తల్లో ఆ పెద్దవాళ్ల పేర్లే ముందున్నాయి. ఆమె ఏం చెప్పారో వెతుక్కోవలసి వచ్చింది.

విధానాల సంగతి ఇంకా అన్యాయం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల బిల్లును లోక్‌సభ 2019 ఆగస్టు 5న ఆమోదించింది. అదే రోజు కాశ్మీర్ ప్రకటన వచ్చింది కనుక పత్రికల్లో దీనికి చోటు దొరకలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి ఆ చట్టం పెట్టిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. స్త్రీపై అత్యాచారానికి అప్పటికే కనీస శిక్ష పదేళ్లు. ఒకే నేరానికి ఇంత తేడా ఎందుకని 2024లో ఏ అభ్యర్థినైనా ఏ విలేకరైనా అడగడం నేను చూడలేదు.

లెక్కలు కూడా ప్రశ్నలే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' 43,769 మంది. పిల్లలు కూడా అందులో ఉన్నారు, నిజమే. కానీ 2024లో ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో మూడో జెండర్ కింద ఉన్నది మూడున్నర వేల మంది లోపే. తెలంగాణను కలుపుకున్నా ఆ లెక్కకు చాలా దూరం. మిగిలినవాళ్లు స్త్రీలుగానో పురుషులుగానో నమోదయ్యారా, అసలు ఓటే లేదా? సిరా వేలి ఫోటో వేసినవాళ్లు అడగవలసిన ప్రశ్న ఇది.

మా జిల్లాలో ఎన్నికలంటే కరువు, నీళ్లు, వేరుశనగ. వానలు లేకపోతే అంగళ్లలో బేరం ఉండదు. అంగడి అంగడికీ తిరిగి బతికే హిజ్రాలకు ఆ రోజు తిండి ఉండదు. పంట నష్టపరిహారం ఎక్కువగా భూమి కాగితాలున్నవాళ్లకే. పట్టా లేక పరిహారానికి దూరమైన ఒంటరి మహిళా రైతుల బాధ మనకు తెలుసు. వీళ్ల బాధ దానికి పక్కదే. అయినా కరువు వార్తల్లో వీళ్లు ఎప్పుడూ లేరు.

రాష్ట్రంలో వీళ్లకు 2018లో మొదలైన పింఛను 1,500 రూపాయలు. 2024 జూలై నుంచి 4,000. పెంచింది ఎవరన్న తగువును పత్రికలు రోజూ రాశాయి. గుర్తింపు పత్రం లేక ఆ పింఛను అందనివాళ్ల గురించి రాయలేదు.

పత్రికలను ఒక్కటే అనడం న్యాయం కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద లేచినప్పుడు పత్రికలు రాశాయి. స్త్రీలు ఊరూరా కదిలి రాయక తప్పని స్థితి తెచ్చారు. మరి మన సంఘాలు 2024లో అభ్యర్థులకిచ్చిన కోర్కెల పత్రాల్లో హిజ్రాల గురించి ఎన్ని వాక్యాలున్నాయి? మా సంఘం పత్రం తీసి చూశాను. ఒక్కటీ లేదు.

వచ్చే ఎన్నికలకు ముందు ఆ పత్రం రాసేటప్పుడు వాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందాం. ఓటర్ల నమోదుకు కలిసి వెళదాం. ఫోటో మాత్రమే వేసిన పత్రికకు మర్నాడే ఉత్తరం రాద్దాం. ఆమె చెప్పింది ముందు మనం రాసుకుంటే, విలేకరిని అడిగే హక్కు మనకు ఉంటుంది.