పత్తి కట్టెతో జైపూర్ బాయిలర్ నడుస్తుందా?

శ్రీరాంపూర్ బొగ్గు బాయిల పొరుగునే, జైపూర్ మండలం పెగడపల్లిలో సింగరేణి సొంత థర్మల్ కేంద్రం ఉంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు, 2016లో జాతికి అంకితమయ్యాయి. బొగ్గు మాని దీన్ని పూర్తిగా జీవ ఇంధనంతో నడపకూడదా, ఇంగ్లండ్‌లో డ్రాక్స్ విద్యుత్ కేంద్రం నడవడం లేదా అని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ లెక్క ఒప్పుకోదు.

యూనిట్ కరెంటుకు 600 గ్రాముల బొగ్గు అనుకున్నా, 1,200 మెగావాట్లూ నిండుగా నడిస్తే రోజుకు 17 వేల టన్నులు కావాలి. ఏడాదంతా అంత లోడు ఉండదు కనుక 50 లక్షల టన్నులు అనుకుందాం. పంట వ్యర్థాలను నొక్కి చేసే పెల్లెట్ ఇచ్చే వేడి నాసిరకం బొగ్గుతో ఇంచుమించు సమానం. కాబట్టి అవీ అన్ని టన్నులు కావాల్సిందే. ఎకరం చేనులో ఎండిన పత్తి కట్టె టన్ను అటూఇటుగా వస్తుంది. రాష్ట్రంలో పత్తి సాగు ఇటీవల 45–50 లక్షల ఎకరాలు. నారాయణపేట నుంచి ఆసిఫాబాద్ దాకా ప్రతి కట్టెనూ పీకి తెచ్చినా ఈ ఒక్క కేంద్రానికే బొటాబొటి!

డ్రాక్స్ నాలుగు యూనిట్లను మార్చుకోగలిగింది. దాని వెనుక అమెరికా దక్షిణాది నుంచి ఓడల్లో వచ్చే కలప పెల్లెట్లున్నాయి, బ్రిటన్ ప్రజలు కరెంటు బిల్లుల్లో మోస్తున్న సబ్సిడీ ఉంది. కవ్వాల్ అడవి ఉన్న జిల్లాలో మనం కలప మండించే ఆ దారి కోరుకోవద్దు.

అందుకే మార్పిడి కాదు, మిశ్రమమే మనకు తగినది. ఎన్టీపీసీ 2017లోనే తన దాద్రి విద్యుత్ కేంద్రంలో బొగ్గుతో పెల్లెట్లు కలిపి చూసింది. బొగ్గులో 5 శాతం జీవ ఇంధనం కలపాలని కేంద్ర ప్రభుత్వం 2021లో విధానం తెచ్చింది. 2023లో దాన్ని సవరించి, 2024–25 నుంచి 5, 2025–26 నుంచి 7 శాతం అంది. జైపూర్‌కు 5 శాతమంటే ఏటా రెండున్నర లక్షల టన్నులు. ఉమ్మడి ఆదిలాబాద్ పత్తి చేలు దీన్ని ఇవ్వగలవు.

పెల్లెట్ అంటే బొగ్గులా ఆరుబయట కుప్ప పోసే సరుకు కాదు. నాలుగు చినుకులు పడితే ఉబ్బి పొడైపోతుంది. ఆ పొడి బొగ్గు కంటే తొందరగా అంటుకుంటుంది. అందుకే పైకప్పున్న షెడ్డు కావాలి, మిల్లులోకి పంపే గాలి వేడి తగ్గించాలి, కన్వేయర్ దగ్గర ధూళి పేరుకోకుండా చూడాలి. ఇంగ్లండ్‌లోని టిల్‌బరీ కేంద్రాన్ని బొగ్గు నుంచి పెల్లెట్లకు మార్చిన కొన్ని నెలలకే, 2012 ఫిబ్రవరిలో, నిల్వ ఉన్నచోట మంటలు చెలరేగాయి. కోల్ హ్యాండ్లింగ్‌లో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు శిక్షణ ఇవ్వకుండా మొదటి లారీని గేటు దాటనివ్వకూడదు.

చేను వైపు చూస్తే నాకు ఆశ కలుగుతోంది. చివరి తీత అయ్యాక రైతు కట్టె పీకించి, గట్టున కుప్ప వేసి అగ్గి పెడతాడు. లేదంటే పొయ్యిలోకని అలాగే ఉంచుతాడు. అలా ఉంచిన కట్టెలో, ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి వచ్చే వానాకాలం పంట మీద పడుతుంది. పీకిన కట్టెను వెంటనే ముక్కలు చేసి పెల్లెట్ యూనిట్‌కు తోలితే పొగా తప్పుతుంది, పురుగు బెడదా తగ్గుతుంది.

అయితే పీకే కూలి, ష్రెడ్డర్ కిరాయి, ట్రాక్టర్ ఖర్చు పోను రైతుకు ఏమీ మిగలకపోతే మళ్లీ అగ్గిపుల్లే గీస్తాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలసిన చిన్న బయోమాస్ కేంద్రాల్లో చాలావరకు ఊక, కట్టె ధరలు పెరిగి, కరెంటుకిచ్చే ధర చాలక మూతపడ్డాయి. సింగరేణి దీర్ఘకాలిక ఒప్పందాలతో, కట్టెకు ముందే ప్రకటించిన ధరతో, మహిళా సంఘాల ద్వారా కొనాలి. దళారీ టెండర్లకు వదిలేస్తే ఆ కథే మళ్లీ నడుస్తుంది.

పెల్లెట్లు వస్తే బాయిలు మూతపడతాయన్న భయం శ్రీరాంపూర్‌లో ఎవరికీ అక్కర్లేదు. సింగరేణి తవ్వేది ఏటా దాదాపు 7 కోట్ల టన్నులు. అందులో రెండున్నర లక్షలు అర శాతం కూడా కాదు. అంతమాత్రాన, నిల్వలు అయిపోయే గనుల కార్మికుల పిల్లలకు రేపు పని ఎక్కడన్న ప్రశ్నకు ఈ 5 శాతాన్ని జవాబుగా చూపడమూ తప్పే. ఆ ప్రశ్నకు యాజమాన్యం, 51 శాతం వాటా ఉన్న రాష్ట్రం, 49 శాతం ఉన్న కేంద్రం కలిసి విడిగా జవాబు చెప్పాలి, గని గనికీ మూసివేత గడువుతో సహా.