నోత్రదామ్: ఒక శిథిలపూరణం

పాత గ్రంథాన్ని పరిష్కరించేవారికీ, పాత కట్టడాన్ని ఉద్ధరించేవారికీ ఎదురయ్యే ధర్మసందేహం ఒక్కటే. తాళపత్రంలో పురుగు తిన్న చోట ఏమి చేయాలి? ఖాళీ విడిచి ‘గ్రంథపాతము’ అని వ్రాసి ఊరుకోవాలా? పూర్వకవి శైలి ననుసరించి పూరించాలా? లేక ఆ చోటులో తన కాలపు కవిత్వాన్ని తన ఇచ్చ వచ్చినట్లు వెలయించాలా? 2019 ఏప్రిల్ 15 సాయంకాలం పారిస్ నగరంలో నోత్రదామ్ మహాదేవాలయపు పైకప్పు దగ్ధమైన నాటినుండి ఫ్రాన్సు దేశంలో జరిగిన వాదమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగినదే. ఆ వాదాన్ని దూరంనుండి చదువుతూ వచ్చిన ఒక తెలుగు ఉపాధ్యాయుడిగా నాకు తోచినది విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కథాసంగ్రహం. సెన్ నది నడుమ ఉన్న ద్వీపం మీద, 1163 ప్రాంతంలో, బిషప్ మోరిస్ ద సుల్లీ పూనికతో ఈ ఆలయనిర్మాణం మొదలైంది. ఇంచుమించు 1345 నాటికి పూర్తయింది. రాతి కమానుల కప్పుకు పైన, సీసపు రేకులకు క్రింద, ఓక్ దూలాల అల్లిక ఒకటి సుమారు నూరు మీటర్ల పొడవున ఉండేది. అందులో వాడిన కలప ఎంత దట్టమంటే, ఫ్రెంచివారు దానిని ‘అడవి’ అనే పిలుచుకొనేవారు. అందులో అధికభాగం 12, 13 శతాబ్దాల నాటిది. మొదటి హెచ్చరిక వినిపించిన తరువాత మంట ఎక్కడున్నదో కనుగొనడానికే అరగంట గడిచిపోయింది. ఆ ఆలస్యానికి మూల్యంగా ఎనిమిది వందల ఏండ్ల అడవి ఒక్క సాయంకాలంలో భస్మమైంది. 96 మీటర్ల ఎత్తున నిలిచిన శిఖరం విరిగి, రాతికప్పును ఛేదించుకొని లోపలికి కూలింది. అగ్నిమాపక దళంవారి సాహసం వలన ముందరి జంట బురుజులు దక్కాయి. గులాబీ ఆకృతిలోని మూడు మహాగవాక్షాలూ, పెద్ద ఆర్గన్ వాద్యమూ దక్కాయి. ప్రాణనష్టం కలుగలేదు. నిప్పు ఎట్లా పుట్టిందో మాత్రం నిశ్చయంగా తేలలేదు.

మరునాడే అధ్యక్షుడు మాక్రాన్ ఐదేండ్లలో తిరిగి కట్టిస్తామన్నాడు. ఆ మరునాడు ప్రధానమంత్రి ఎడ్వార్ ఫిలిప్ శిఖరం కోసం అంతర్జాతీయ పోటీ పెడతామన్నాడు. ఇక ఊహలకు కొదువేమి? గాజు కప్పు వేద్దామన్నవారున్నారు. పైన తోట పెంచుదామన్నవారున్నారు. శిఖరానికి బదులు కాంతిపుంజం నిలుపుదామన్నవారున్నారు. కప్పు మీద ఈతకొలను గీసి చూపినవారూ ఉన్నారు.

ఈ ఊహలను పరిహసించడం సులభం. కాని వారి వాదంలో ఒక బలమున్నది. దానికి సమాధానం చెప్పకుండా ‘యథాతథంగా కట్టాలి’ అనడం పండితలక్షణం కాదు. వారడిగినది ఇది: కూలిన శిఖరం మధ్యయుగాల నాటిదా? కాదు. 13వ శతాబ్దపు మొదటి శిఖరం శిథిలమై ప్రమాదకరంగా ఉన్నదని 18వ శతాబ్దం చివర దింపివేశారు. ఆ తరువాత చాలాకాలం నోత్రదామ్‌కు శిఖరమే లేదు. 1831లో విక్టర్ హ్యూగో నవల వెలువడి, జీర్ణావస్థలో ఉన్న ఆ ఆలయం వైపు ప్రజల దృష్టిని మరల్చింది. 1844లో లాస్యూస్, వియొలే ల ద్యూక్ అనే ఇద్దరు వాస్తుశిల్పులకు పునరుద్ధరణ బాధ్యత అప్పగించారు. 1857లో లాస్యూస్ మరణించాడు. 1859లో పూర్తయిన శిఖరం వియొలే ల ద్యూక్ కల్పన. అది పాతదాని ప్రతిరూపం కాదు. దానికంటె ఎత్తయినది, అలంకారం అధికమైనది. మరి 19వ శతాబ్దపువాడు తన ఊహను కలిపినప్పుడు, 21వ శతాబ్దపువాడు కలిపితే దోషమేమి?

ఆ శిఖరం మొదట పదహారు రాగి విగ్రహాలుండేవి. వాటిలో తోమా అపొస్తలుడు వాస్తుశిల్పులకు రక్షకుడని క్రైస్తవుల విశ్వాసం. ఆ తోమాకు వియొలే ల ద్యూక్ తన ముఖాన్నే పెట్టించుకొన్నాడు. తక్కిన అపొస్తలులు నగరంవైపు చూస్తుంటే, ఆయన ఒక్కడూ వెనుదిరిగి తన శిఖరాన్నే చూసుకొంటూ ఉంటాడు! మరమ్మతుల కోసం ఆ విగ్రహాలను అగ్నిప్రమాదానికి నాలుగు రోజుల ముందే దించారు కనుక అవి బ్రతికిపోయాయి.

మన పరిభాషలో ఆ శిఖరం ప్రక్షిప్తం. అయితే ప్రక్షిప్తాలన్నీ ఒకటి కావు. పోతన భాగవతం మనకు సంపూర్ణంగా ఆయన చేతిమీదుగా అందలేదన్నది విదితమే. పంచమస్కంధం గంగనది, షష్ఠస్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. అయినా అవి తెలుగు భాగవతం కాదని ఎవరూ అనరు. అందుకు కారణాలు రెండు. పూరించినవారు మూలకవి మార్గంలో నడవడం ఒకటి. స్కంధాంత గద్యలో తమ పేరు చెప్పుకొని, ఇది మా పూరణ అని ఒప్పుకోవడం రెండవది. మార్గాన్ని పాటించి, చేవ్రాలు దాచకుండా చేసిన పూరణ కాలక్రమాన మూలంలో భాగమవుతుంది. వియొలే ల ద్యూక్ శిఖరం అటువంటిది. 160 ఏండ్లు ఆ నగరవాసులు తలయెత్తి చూసినది దానినే. కనుక 2020 జూలైలో పోటీ ఆలోచన విరమించి, శిఖరాన్నీ కప్పునూ కాలకముందున్నట్లే కట్టాలని తీర్మానించడం సరియైన నిర్ణయమని నా అభిప్రాయం.

అయితే యథాతథమన్నది రూపానికి మాత్రమేనా, పదార్థానికి కూడానా? షార్త్ర్ ఆలయపు కలప కప్పు 1836లో కాలిపోతే దాని స్థానంలో ఇనుప చట్రం నిలిపారు. ర్యాంస్ ఆలయం 1914లో ఫిరంగి గుండ్లకు తగులబడితే, యుద్ధానంతరం కాంక్రీటు దూలాలతో కప్పు కట్టారు. క్రింద నిలిచి చూసేవానికి ఏ భేదమూ కనబడదు. అగ్నిభయమూ లేదు. మరి కంటికి కనబడని చోట రెండువేల ఓక్ చెట్లను నరికి పెట్టడమెందుకు?

నలభై ఏండ్లు పాఠం చెప్పినవాడిగా దీనికి నా సమాధానం ఒకటున్నది. పాఠం పుస్తకంలో ఉంటే చాలదు; చెప్పేవాడూ చెప్పించుకొనేవాడూ ఉంటేనే విద్య నిలుస్తుంది. కాంక్రీటు కప్పు ఆలయాన్ని కాపాడుతుంది కాని వడ్రంగాన్ని కాపాడదు. నోత్రదామ్ నడిమి మందిరానికీ, బలిపీఠమున్న తూర్పు భాగానికీ కావలసిన దూలాలను వడ్రంగులు మధ్యయుగాలలో వలెనే పచ్చి ఓక్ మానులనుండి గొడ్డళ్ళతో చెక్కారు. ఆ గొడ్డళ్ళను పాత ఆనవాళ్ళను బట్టి కమ్మరులు ప్రత్యేకంగా చేసి ఇచ్చారు. 19వ శతాబ్దపు శిఖరానికి మాత్రం ఆ శతాబ్దపు పద్ధతిలో రంపంతో కోసిన కలప వాడారు. ఏ కాలపు పనికి ఆ కాలపు చేయి! పరిష్కర్తకు ఇంతకంటె నిష్ఠ ఏముంటుంది?

ఈ చేతులు ఎక్కడినుండి వచ్చాయన్నది గమనించదగిన విషయం. బర్గండీ ప్రాంతంలో గెదెలోన్ అనే చోట 1997 నుండి ఒక కోటను కేవలం 13వ శతాబ్దపు పనిముట్లతో, పద్ధతులతో కడుతున్నారు. యంత్రయుగంలో ఈ వృథాశ్రమ ఏమిటని అడిగేవారికి 2019 తరువాత జవాబు దొరికింది. అక్కడ పని నేర్చినవారు నోత్రదామ్ కప్పు కట్టడానికి వచ్చారు. అట్లాగే ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ ఆచార్యుడు 2010లో ఆ ఆలయాన్ని లేజరు కిరణాలతో కొలిచి పెట్టాడు. 2014లో రెమీ ఫ్రోమోన్, సెద్రిక్ త్రాంతెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు ఆ అడవిలోని దూలాల కొలతలు తీసి చిత్రించారు. వీరెవరికీ అది కాలిపోతుందని తెలియదు. టాలన్ 2018లోనే కన్నుమూశాడు. తక్షణప్రయోజనం చూడకుండా చేసిన ఆ పనులే ఆపత్సమయంలో ఆధారమయ్యాయి. ఎవరు చదువుతారులే అని తాళపత్రాలకు నకళ్ళు వ్రాయించిన మన పెద్దల పనీ ఇటువంటిదే కదా.

అంతమాత్రాన యథాతథమన్న మాటను మంత్రంగా జపించరాదు. కాలిన కప్పు, శిఖరాలలో నాలుగు వందల టన్నులకు మించి సీసముండేది. మంటలలో లేచిన సీసపు ధూళి చుట్టుపక్కల వీధులలో పడింది. ఆ వేసవిలో సమీపంలోని కొన్ని బడులను మూసి శుభ్రం చేయవలసి వచ్చింది. అయినా కొత్త కప్పుకూ సీసపు రేకులే పరిచారు. ఇక్కడ నాకు సమ్మతి లేదు. ఓక్ దూలాన్ని చెక్కడంలో ఒక విద్య నిలిచింది, దానివలన ఎవరికీ హాని లేదు. సీసం సంగతి అట్లా కాదు. మూలగ్రంథం మీద భక్తి ఎంత ఉన్నా, చదివే పిల్లవాని ఆరోగ్యం కంటె అక్షరం గొప్పది కాజాలదు. నిజానికి కొత్త కప్పులో మంటను అడ్డుకొనే గోడలూ, నీటి తుంపరలు చల్లే గొట్టాలూ అమర్చారు. మధ్యయుగాలలో ఇవి లేవని ఎవరూ ఆక్షేపించలేదు. రక్షణ కోసం అంత సడలింపు ఉన్నప్పుడు సీసం విషయంలోనూ మరికొంత విచారణ జరిగి ఉండవలసింది.

ఇక అసలు చెప్పదలచిన సంగతి. ఆలయంలో దక్షిణపు పక్కనున్న చిన్న ప్రార్థనామందిరాలకు వియొలే ల ద్యూక్ కాలపు అద్దాల కిటికీలున్నాయి. వాటిని అగ్ని ముట్టలేదు. అవి చెక్కుచెదరలేదు. అయినా వాటిలో ఆరు మందిరాలవి తీసి, ఈ కాలపు చిత్రాలు పెట్టాలని 2023 డిసెంబరులో అధ్యక్షుడు ప్రకటించాడు. పారిస్ ఆర్చిబిషప్పూ దానినే కోరాడు. వారసత్వ సంపదకు సంబంధించిన జాతీయ సంఘం 2024 జూలైలో ఏకగ్రీవంగా వద్దన్నది. ఆ డిసెంబరులో క్లేర్ తబూరే అనే చిత్రకారిణిని ఆ పనికి ఎంపిక చేశారు. ఆమె ప్రతిభను శంకించడం లేదు. ప్రతి కాలమూ ఆలయానికి తన కానుక ఇచ్చిందనే వాదమూ ఎరుగనిది కాదు. గాజులేని కిటికీ ఒకటి ఉంటే అక్కడ ఆమె చిత్రం పెట్టడాన్ని నేనూ హర్షింతును. కాని పురుగు తిన్న చోట పూరించడం వేరు. చక్కగా ఉన్న పద్యాన్ని కొట్టివేసి తన పద్యం వ్రాయడం వేరు. మొదటిది శిథిలపూరణం, రెండవది గ్రంథచౌర్యం కాకపోయినా గ్రంథాపచారం. అగ్ని విడిచిపెట్టిన దానిని మనిషి తొలగించడం ఏ న్యాయం? కాలిన శిఖరం విషయంలో వియొలే ల ద్యూక్‌ను గౌరవించి, మిగిలిన కిటికీల విషయంలో ఆయననే కాదనడంలో ఉన్న వైరుద్ధ్యానికి నాకింతవరకు సమాధానం దొరకలేదు.

2024 డిసెంబరు 7న ఆలయద్వారాలు తిరిగి తెరుచుకొన్నాయి. 150 దేశాలనుండి 3,40,000 మంది దాతలు ఇచ్చిన ధనంతో ఈ పని సాగింది. పనిని నడిపిన జనరల్ జార్జెలాన్ 2023 ఆగస్టులో పర్వతాలలో ప్రమాదవశాత్తు మరణించాడు; ఆయన ఆ దినం చూడలేకపోయాడు. శిఖరాగ్రాన నిలిచే లోహపు కోడిపుంజు పాతది సొట్టలు పడి శిథిలాలలో దొరికింది. ప్రధాన వాస్తుశిల్పి ఫిలిప్ విల్నవ్ కొత్తదానిని రూపొందించాడు. 2023 డిసెంబరులో దానిని పైకెత్తేముందు దాని కడుపులో ఒక పత్రం పెట్టారు. వడ్రంగులు, తాపీవారు, రాతిపనివారు మొదలుగా ఈ పునర్నిర్మాణంలో పాలుపంచుకొన్న దాదాపు రెండువేల మంది పేర్లు అందులో ఉన్నాయి. మధ్యయుగాలలో అదే పని చేసినవారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఈసారి పూరించినవారు తమ గద్య తాము వ్రాసుకొన్నారు. అది క్రింద నిలిచి చూసేవారికి కనబడదు. ఎన్నడో ఒకనాడు మళ్ళీ మరమ్మతుకు ఎక్కేవారికి కనబడుతుంది. వారికి కావలసింది కూడా అదే: ఏది మూలం, ఏది పూరణ, ఎవరు చేశారు అన్న నిజం.

కాలినది కట్టాలి. కట్టినవారు చెప్పుకోవాలి. మిగిలినదానిని ముట్టరాదు. విజ్ఞులైన పాఠకులు ఇందులోని యుక్తాయుక్తాలు విచారింతురు గాక.

స్వస్తి.